నానో ఇండెంటేషన్: గుంట చూడకుండానే గట్టిదనం ఎలా తెలుస్తుంది?

హార్డ్‌నెస్ టెస్ట్ అనగానే చాలామందికి విక్కర్సే గుర్తొస్తుంది, వజ్రపు పిరమిడ్‌తో నొక్కడం, మైక్రోస్కోప్ కింద గుంట డయాగనల్స్ కొలవడం, ఫార్ములాలో వేసేయడం, అంతే. నానో ఇండెంటేషన్‌లో అలా కుదరదండీ, గుంట లోతే వంద నానోమీటర్లుంటే మామూలు మైక్రోస్కోప్‌లో ఏం కొలుస్తాం?

అందుకే ఇక్కడ నొక్కుతున్నంతసేపూ లోడ్ ఎంత, టిప్ ఎంత లోపలికి దిగింది అని రికార్డ్ చేస్తూ పోతారు. అసలు మజా అన్‌లోడింగ్‌లో ఉంది. నొక్కేటప్పుడు ఎలాస్టిక్ (లోడ్ తీస్తే తిరిగి లేచేది), ప్లాస్టిక్ (శాశ్వతంగా దిగబడిపోయేది) రెండూ కలిసిపోయి ఉంటాయి, కానీ లోడ్ తీసేటప్పుడు వెనక్కి లేచేది దాదాపు ఎలాస్టిక్ భాగమే, కాబట్టి ఆ కర్వ్ పైభాగంలో స్లోప్ పట్టుకుంటే స్టిఫ్‌నెస్, దానికి కాంటాక్ట్ ఏరియా (టిప్ మెటీరియల్‌ని తాకుతున్న వైశాల్యం, దీన్ని లోతు నుంచి లెక్కేస్తారు) కలిపితే మాడ్యులస్, అంటే ఎలాస్టిక్‌గా వంగకుండా నిలిచే గుణం, వచ్చేస్తాయి. గరిష్ఠ లోడ్‌ని అదే ఏరియాతో భాగిస్తే హార్డ్‌నెస్. 1992లో ఆలివర్, ఫార్ ఇచ్చిన పద్ధతి ఇదే, ఇప్పటికీ ఎక్కువమంది వాడేది కూడా ఇదే.

అలాగని మెషిన్ ఇచ్చిన నంబర్‌ని కళ్లు మూసుకుని నమ్మేయకండి. కొన్ని లోహాల్లో టిప్ చుట్టూ మెటీరియల్ గట్టులా పైకి ఉబ్బుతుంది, పైల్-అప్ అంటారు, ఆ పద్ధతి లెక్కలో ఇది ఉండదు, దాంతో అసలు ఏరియా కంటే తక్కువ తీసుకుని హార్డ్‌నెస్ ఎక్కువ చేసి చూపిస్తుంది. పేపర్లలో దీన్ని పట్టించుకోని వాళ్లని చూస్తే చిరాకేస్తుంది నాకు. పల్చటి కోటింగ్ అయితే ఇంకో తలనొప్పి, మందంలో 10 శాతం లోపే దిగాలంటారు, లేకపోతే కింది సబ్‌స్ట్రేట్ కూడా రీడింగ్‌లో కలిసిపోతుంది, మాడ్యులస్‌కైతే ఆ 10 శాతం కూడా ఎక్కువే. బెర్కోవిచ్ టిప్ (ఇందులో వాడే మూడు ముఖాల వజ్రపు పిరమిడ్) వాడగా వాడగా మొద్దుబారుతుంది, అప్పుడప్పుడు మాడ్యులస్ ముందే తెలిసిన ఫ్యూజ్డ్ సిలికా అనే గాజు మీద చెక్ చేస్తుండండి, మాడ్యులస్ 72 గిగాపాస్కల్స్ దగ్గర రాకపోతే ముందు ఏరియా ఫంక్షన్‌నే, అంటే లోతు నుంచి ఏరియా లెక్కేసే ఫార్ములానే, అనుమానించాలి.