గాలి పోయిందా?

నా చిన్నపేగు మెలికపడి నల్లబడితే 20 సెంటీమీటర్లు కోసేసి, మంచి చివరలు రెండూ కలిపి కుట్టారు. రాత్రికి రాత్రే అయిపోయింది. నేను చెప్పాలనుకున్నది ఆపరేషన్ తర్వాత రెండో రాత్రి గురించి.

ముక్కులోంచి జీర్ణాశయంలోకి వేసిన రైల్స్ ట్యూబు, చేతికి సెలైన్, మంచానికి ‘నోటికి ఏమీ ఇవ్వరాదు’ అన్న అట్ట. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అమ్మ తడి దూదితో పెదాలు అద్దుతోంది. ఒక్క గుక్క ఇమ్మని ఏడ్చాను. రౌండ్సుకొచ్చిన డ్యూటీ డాక్టరు ‘‘బాటిల్ ఎక్కుతోందిగా, ఇంకా దాహమేంటి?’’ అనేసి వెళ్లిపోయాడు. ఆ మాట నాకిప్పటికీ మింగుడు పడలేదు. సెలైన్ ఒంట్లో నీటిని కాపాడుతుందే తప్ప ఎండిన నోటిని తడపదు. ఆకలీ తీర్చదు. 5 శాతం డెక్స్ట్రోజ్ (గ్లూకోజు నీళ్లు) అర లీటరు ఎక్కిస్తే లోపలికెళ్లేది 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాల పంచదారంత.

నైట్ డ్యూటీ సిస్టర్ మాత్రం మంచం పక్కన నిలబడి చెప్పింది. ‘‘పేగు పడుకుందమ్మా. మత్తుకీ, చేతులు పెట్టి కదిపినందుకూ, నొప్పి ఇంజెక్షన్లకీ అది కదలడం లేదు. ఇప్పుడు నీళ్లు పోస్తే కిందికి దిగవు, పైకి తంతాయి. మగతలో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.’’ ఆ తల్లికి రుణపడి ఉంటాను. కారణం తెలిశాక దాహాన్ని ఓర్చుకోగలిగాను.

‘గాలి పోయిందా?’ అని వచ్చినవాళ్లంతా అడిగేవారు. చిన్నపేగు కొన్ని గంటల్లోనే తేరుకుంటుంది, జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. గాలి పోవడమంటే ఆఖరిది కూడా లేచిందని. అందుకే ముందుగా అనుకుని చేసే పేగు ఆపరేషన్లలో ఇప్పుడు చాలాచోట్ల గాలి కోసం ఆగకుండా ఒక రోజులోపే ద్రవాలు మొదలుపెడుతున్నారు. లాప్రోస్కోపీలో పిత్తాశయం తీసినవాళ్లకూ, సిజేరియన్ అయినవాళ్లకూ తెలివొచ్చి వాంతులు లేకపోతే కొన్ని గంటలకే ఇస్తారు. పక్క మంచం చూసి మీ టైము లెక్కేసుకోకండి. నాకు పేగు వాచి, ట్యూబులో ఆకుపచ్చ పసరు సంచి నిండా వస్తోంది. అది తగ్గి, రంగు తేలి, పొట్ట మెత్తబడ్డాకే ట్యూబు మూసి చూశారు.

నాలుగో రోజు పొద్దున మంచినీళ్లు, గంటకు 30 మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసా కొలతమూత 10ది. అమ్మ మూడు మూతలు పోసింది, ఒక్కో మూతా పది నిమిషాలు చప్పరించాను. నిలిచాక కొబ్బరినీళ్లు, వడగట్టిన బార్లీ, పల్చటి మజ్జిగ. మర్నాడు ఇడ్లీ, ఆపైన మెత్తటి చారన్నం. మధ్యలో ఎక్కిళ్లు ఆగకపోయినా, పొట్ట బిగిసినా, పచ్చటి వాంతి వచ్చినా వెంటనే ఆపి సిస్టర్‌ని పిలవాలి. బలానికని ఇంకో రెండు చెంచాలు పట్టకండి.

ఇంటికొచ్చాక ఇంకో పోరు. పప్పు తింటే చీము పడుతుందని చుట్టాలు ఒకటే గోల. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి కదా! సర్జన్ సరేనన్నాక మెత్తగా ఉడికించిన పెసరపప్పు, గుడ్డు కొద్దికొద్దిగా తిన్నాను. కుట్లు శుభ్రంగా మానాయి.

అమ్మ అన్నవరం సత్యదేవుడికి మొక్కుకుందట. మొన్న నెల దాటాక వెళ్లొచ్చాం. ఆకులో వేడి ప్రసాదం, నెయ్యి కారుతోంది. నాకు మాత్రం ఒక్క చెంచాడే పెట్టి, మిగతాది కొంగు చాటున దాచేసింది.