హైదరాబాద్‌లో ఫైబర్ వేయాలంటే: అనుమతి ఒక ఎత్తు, రూటు మ్యాపు ఇంకో ఎత్తు

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, విద్యుత్ స్తంభాలకు వేలాడుతున్న ఇంటర్నెట్ (ఫైబర్), టీవీ కేబుళ్లను తెగ్గోశారు. అప్పటినుంచి అందరూ భూమిలోంచే వేద్దామంటున్నారు. మంచిదే, కానీ ఈ ఊళ్లో చాలాచోట్ల నాలుగడుగుల లోతు తవ్వితే బండరాయి తగులుతుంది.

ముందు కాగితాల సంగతి. టెలికాం లైన్లు వేసుకోవడానికి దారి అనుమతి ఎలా ఇవ్వాలో చెప్పే 2016 నాటి ‘రైట్ ఆఫ్ వే’ నిబంధనల స్థానంలో 2024 నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. గడువులోగా జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే అనే సూత్రం 2016లోనే ఉంది, అప్పుడు గడువు 60 రోజులు. ఆ ‘ఇచ్చినట్టే’ని నమ్ముకుని డ్రిల్లింగ్ మెషీన్ దించడం తెలివైన పని కాదు. ట్రాఫిక్ పోలీసుల అనుమతి విడిగా తీసుకోవాలి. పైగా వానాకాలంలో రోడ్డు కోతలు ఆపేస్తారు.

రూటును రోడ్డు యజమాని ప్రకారం ముక్కలు చేయండి: మున్సిపల్ రోడ్డు, ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు, జాతీయ రహదారి. ఒక్కో ముక్కలో తారు ఎన్ని మీటర్లు, సీసీ (సిమెంటు కాంక్రీటు) ఎన్ని, ఫుట్‌పాత్ ఎంత, డ్రిల్లింగ్ కోసం తీసే గుంతలెన్ని, ఏ సైజు అన్నది టేపు పట్టి కొలవాలి. ఉపగ్రహ చిత్రం చూసి ఫుట్‌పాత్ అని రాసేసి, తీరా అక్కడ తారు ఉంటే తవ్విన రోడ్డును బాగుచేసేందుకు కట్టే పునరుద్ధరణ చార్జీల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అసలు ప్రమాదం రోడ్డు పొడవునా తవ్వకుండా భూమిలో అడ్డంగా రంధ్రం చేసుకుపోయే డ్రిల్లింగులో ఉంది. కేబుల్ దూర్చే 40/33 మి.మీ. (బయటి/లోపలి వ్యాసం) హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపుకు 1.65 మీటర్ల లోతు మామూలు ప్రమాణం. రాయి అడ్డొస్తే డ్రిల్లు పక్కకో పైకో జారుతుంది, జారి మురుగు పైపును చీల్చుకుని పోతుంది. ఆ రోజు ఎవరికీ తెలియదు, కేబుల్ బాగానే పనిచేస్తుంది. నెలలు గడిచాక, మురుగు పైపులో అడ్డంగా ఉన్న మీ పైపుకు చెత్త చుట్టుకుని డ్రైనేజీ పొంగుతుంది. జలమండలి (నగర నీటి, మురుగునీటి బోర్డు) వాళ్ల జెట్టింగ్ మెషీన్, అంటే నీటిని బలంగా చిమ్మి పైపు శుభ్రం చేసేది, వచ్చి మురుగుతోపాటు మీ కేబుల్‌నూ తెంపేస్తుంది.

అందుకే మురుగు, మంచినీటి పైపులు దాటే ప్రతిచోటా ముందే చేత్తో ట్రయల్ గుంత తీయించి పైపును కంటితో చూడాలి. రెండు పక్కలా మ్యాన్‌హోల్ మూతలు తెరిచి మురుగు పైపు అడుగు ఎంత లోతులో ఉందో కొలవాలి. డ్రిల్లు నడిచేటప్పుడు లోపలికి పోయే ప్రతి రాడ్డుకూ లొకేటర్ (డ్రిల్లు మొన ఎక్కడ, ఎంత లోతులో ఉందో పైనుంచి చూపే పరికరం) రీడింగు రాయించండి. దగ్గర్లో హైటెన్షన్ కేబులున్నా, సీసీ రోడ్డులో ఇనుప చువ్వలున్నా లొకేటర్ అంకె తప్పు చూపిస్తుంది, నమ్మొద్దు. 2023 మార్చిలో వచ్చిన ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్‌లో, అంటే తవ్వేముందు భూగర్భ లైన్లున్న శాఖలకు తెలిపే యాప్‌లో, సమాచారం పెట్టాల్సిందే. దానికి ఏ శాఖా స్పందించలేదంటే కింద ఏమీ లేదని మాత్రం కాదు, తన లైన్ల వివరాలు అందులో పెట్టని శాఖ ఎలా స్పందిస్తుంది?

పని అయ్యాక ఇచ్చే డ్రాయింగులో దూరాన్ని ప్రహరీ గోడ నుంచి చూపించే అలవాటొకటి ఉంది. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది ఆ గోడే. అక్షాంశ రేఖాంశాలు, లోతు, దగ్గరి మ్యాన్‌హోల్ నుంచి కొలత రాయండి.