ఎర్ర అక్షరాల్లో దొరకని ఒక్క మాట

"అన్నా, నేనేం మార్చలేదు, ఒక్క లైబ్రరీ ఇన్‌స్టాల్ చేశానంతే" అంటూ టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి లాప్‌టాప్ నా వైపు తిప్పింది. స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ మెసేజ్.

అంత పొడుగు మెసేజ్‌లో అసలు సంగతి ఒకటే. ఒక లైబ్రరీకి (అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌కి) పైథాన్‌లో లెక్కలకు వాడే నమ్‌పై లైబ్రరీ వెర్షన్ 2 కావాలి, ఇంకోదానికి 2 కంటే పాతదే కావాలి. ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే ఒక ప్రాజెక్టు లైబ్రరీలన్నీ ఉండే చోట, రెండూ ఇమడవు. ఆ మాటే నేరుగా ఎక్కడా లేదు! తను పేరు కూడా వినని ప్యాకేజీలు (లైబ్రరీలే), వాటి కింద మళ్లీ ప్యాకేజీలు. పాపం, తప్పు తనదే అనుకుని టెన్షన్ పడింది. నాకు కోపం వచ్చింది అందుకే.

పాతదే కావాలన్న షరతులో అన్యాయమేం లేదు. 2024 జూన్‌లో నమ్‌పై 2.0 వచ్చాక, పాత వెర్షన్‌తో కంపైల్ చేసిన లైబ్రరీలు చాలా దానితో పనిచేయలేదు. అందుకే వాటిని రాసినవాళ్లు "2 కంటే తక్కువ" అని రాసిపెట్టుకున్నారు. ఆ సంగతి చెప్పే తీరులోనే ఉంది బాధంతా.

సూటిగా చెప్పడం కుదరని పనా అంటే, కాదు. డార్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్యాకేజీ మేనేజర్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) కోసం 2018లో పబ్‌గ్రబ్ అనే పద్ధతి వచ్చింది. ఒకదానికొకటి సరిపడే వెర్షన్లు వెతికేటప్పుడే ఏ వెర్షన్ ఏ కారణంతో పక్కకుపోయిందో అది గుర్తుపెట్టుకుంటుంది. కుదరనప్పుడు "దీనికి అది కావాలి, దానికి ఇది పడదు, కాబట్టి వీలుకాదు" అని వరసగా చెబుతుంది. పైథాన్‌లో యూవీ (uv) అనే ప్యాకేజీ మేనేజర్ కూడా ఇదే పద్ధతి వాడుతోంది. కొత్తవాళ్లకు ముందు అదే చూపించాలని నా కోరిక.