హిన్నోము లోయలో నిలబడి మార్కు 9 చదివాం

నరకం అనే మాట వెనకున్న లోయకు యెరూషలేములో నడిచే వెళ్లొచ్చు. యాఫా గేటు నుంచి పాతనగరం గోడ పక్కగా దక్షిణానికి దిగుతూ పోతే, సుల్తాన్ కొలను దాటాక లోయ తూర్పుకు తిరుగుతుంది. బైబిల్లోని బెన్‌హిన్నోము లోయ ఇదే. యేసు ‘గెహెన్నా’ అన్నది దీని పేరునే, మన బైబిల్లో నరకం అని చదివేది ఆ మాటనే. ఇప్పుడక్కడ ఆలివ్ చెట్లు, పచ్చగడ్డి, గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చున్న కుటుంబాలు కనిపిస్తాయి. పైన 2023లో తెరిచిన వేలాడే వంతెన, దాదాపు 200 మీటర్ల పొడవు. పిల్లలు దాని మీద కావాలని ఊగిస్తూ పరుగెడుతున్నారు.

మా గైడు ఇక్కడికొచ్చే ప్రతి గుంపుకీ చెప్పే కథే మాకూ చెప్పాడు. యేసు కాలంలో ఊరి చెత్తంతా, చచ్చిన పశువులతో సహా ఇక్కడ పడేసి తగలబెట్టేవారట, ఆ మంట రాత్రింబవళ్లు ఆరేది కాదట. వినడానికి చక్కగా అతికినట్టే ఉంటుంది. కానీ ఈ మాట రాతలో మొదట కనిపించేది క్రీ.శ. 1200 ప్రాంతంలో, దావీదు కిమ్హీ అనే యూదు పండితుడి వ్యాఖ్యానంలో. యేసు తర్వాత వెయ్యేళ్లకు పైనే. అంతకు ముందటి రాతల్లో గానీ తవ్వకాల్లో గానీ దీనికి గట్టి ఆధారం లేదు. అయితే నాకు అసలు బాధ కలిగించేది అది కాదు. చెత్త కథ చెప్పుకుంటూ పోతే ఈ లోయలో నిజంగా కాలిపోయినవాళ్లను మరిచిపోతాం.

కాలిపోయినవాళ్లు పసిపిల్లలు. ఆహాజు, మనష్షే అనే యూదా రాజులు తమ కొడుకులనే ఇక్కడ అగ్నికి అర్పించారని దినవృత్తాంతములు రెండో గ్రంథం చెబుతుంది. బలులిచ్చే చోటుకు తోఫెతు అని పేరు. ఇక ముందు ఎవరూ తమ బిడ్డను మోలెకు అనే దేవతకు ఇవ్వకుండా యోషీయా రాజు ఆ చోటును అపవిత్రం చేశాడు. యిర్మీయా 7వ అధ్యాయంలో దేవుడే అంటాడు: ఈ పని చేయమని నేను ఆజ్ఞాపించలేదు, అది నా మనసుకే రాలేదు అని. ఆ వచనం ఇంట్లో కూర్చుని ఎన్నోసార్లు చదివాను. లోయలో నిలబడి చదువుతుంటే మాత్రం గొంతు పూడుకుపోయింది. బిడ్డల్ని మంటలో వేయడం తన మనసుకే రాలేదన్న దేవుణ్ణి, మంట పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టడానికి ఎలా వాడుకుంటున్నాం మనం?

మా గుంపులో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. బైబిలు వాక్యాలు అధ్యాయం, వచనంతో సహా నోటికొచ్చు. నాతో పాటు వాలు ఎక్కుతూ అడిగారు.

“అయితే నిప్పు లేదంటావా బాబూ?”

“ఉంది మాస్టారూ. కానీ పొయ్యిలో మండే నిప్పు లాంటిది కాదంటాను. మత్తయిలో నరకాగ్ని ఉంది, వెలుపటి చీకటీ ఉంది. మామూలు మంట అయితే అక్కడ చీకటెలా ఉంటుంది?”

మాస్టారు వెంటనే మార్కు సువార్త 9:48 ఎత్తుకున్నారు. పురుగు చావదు, అగ్ని ఆరదు. ఆ మాట యెషయా గ్రంథం చివరి వచనంలోది అన్నాను నేను. అక్కడ పురుగు పట్టింది శవాలకు, బాధపడుతున్న ప్రాణులకు కాదు. కొత్త నిబంధనలోని యూదా పత్రిక, దేవుడు అగ్నితో నాశనం చేసిన సొదొమ పట్టణాన్ని నిత్యాగ్నికి ఉదాహరణగా చూపిస్తుంది. ముందురోజే మృతసముద్రం తీరానికి వెళ్లొచ్చాం. ఆ ప్రాంతంలోనే సొదొమ ఉండేదని తరతరాల నమ్మకం. ఉప్పు, ఎండిన మట్టి తప్ప అక్కడ మంటేమీ లేదు. అగ్ని తన పని పూర్తి చేసి ఆరింది, దాని ఫలితం మాత్రం మిగిలింది. ‘నిత్యం’ అన్నది ఆ ఫలితానికని నేను చదువుకుంటాను.

నరకాగ్ని పొయ్యిలో నిప్పు లాంటిది కాదన్నది ఈ కాలం వాళ్లు మెత్తబడి తెచ్చిన వాదన కాదు. మూడో శతాబ్దంలోనే ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు, ప్రతి పాపీ తన నిప్పును తానే రాజేసుకుంటాడని రాశాడు. ఐదో శతాబ్దంలో బిషప్ అగస్టీను మాత్రం ఆ నిప్పు దేహాన్ని నిజంగానే కాలుస్తుందని గట్టిగా వాదించాడు. చర్చిలో చాలామంది ఆయన దారే పట్టారు. ఏడో శతాబ్దపు సన్యాసి నీనెవె ఇస్సాకు మాట నన్ను వదలదు: గెహెన్నాలో ఉన్నవాళ్లను కొట్టేది ప్రేమ కొరడాయే. తాము ఎవరి ప్రేమకు ద్రోహం చేశారో తెలిసొచ్చినప్పుడు కలిగే మంట అది. పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ ఆ నిప్పును అలంకారంగానే తీసుకున్నాడు. 1999 జూలైలో పోప్ రెండో జాన్ పాల్ కూడా, నరకమంటే ఒక చోటు అనేకంటే దేవుణ్ణి పూర్తిగా కాదనుకున్నవాడి స్థితి అని వివరించాడు.

మాటల్లోనే కెతెఫ్ హిన్నోము చేరాం, స్కాట్లాండ్ చర్చి కింద. క్రీస్తుకు ఆరేడు వందల ఏళ్ల ముందటి సమాధులవి. రాతిని తొలిచి చేసిన అరుగు మీద శవాల తలలు ఆనించడానికి వరసగా గుంటలు చెక్కారు. ఒక గుంటలో చెయ్యి పెట్టి చూశాను. అంచులు ఇంకా నున్నగా ఉన్నాయి. 1979లో పురావస్తు శాస్త్రవేత్త గబ్రియేల్ బర్కాయ్ బృందం ఇక్కడే రెండు చిన్న వెండి రేకుల చుట్టలు కనుగొంది. విప్పి చూస్తే సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోని దీవెన: యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక. ఇప్పటిదాకా దొరికిన బైబిలు వాక్యాల రాతల్లో ఇంతకంటే పాతవి లేవు. నరకానికి పేరిచ్చిన లోయ గట్టు మీదే అవి దొరికాయన్న సంగతి నరకం మీద చేసే ప్రసంగాల్లో ఎందుకు వినిపించదో!

మాస్టారు సమాధి గట్టు మీద కూర్చుని మార్కు 9 పైకి చదివారు. 42వ వచనం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఈ చిన్నవారిలో ఒకణ్ణి అభ్యంతరపెట్టేవాడు మెడకు తిరుగటిరాయి కట్టించుకుని సముద్రంలో పడటం మేలని అక్కడుంది. గెహెన్నా మాట వచ్చేది ఆ వెంటనే. చిన్నవాళ్లను కాల్చిన లోయ పేరును, చిన్నవాళ్లకు హాని చేసేవాళ్ల ముందు పెట్టాడు యేసు. కొత్త నిబంధనలో గెహెన్నా 12 సార్లు వస్తే 11 సార్లు పలికింది ఆయనే. అదీ శిష్యులతో, పరిసయ్యులతో. అన్యజనులను బెదిరించడానికి ఒక్కసారీ వాడలేదు.

బస్సు ఎక్కేదాకా మా వాదన తెగలేదు. శిక్షకు అంతం ఉండదని మాస్టారి నమ్మకం, లూకా 16లో చనిపోయాక మంటల్లో నీటి చుక్క కోసం అల్లాడే ధనవంతుడి దాహం చూపించారు. అది ఉపమానమని నేను. అయితే ఒక్క విషయంలో కలిశాం: ఇక మీదట నరకం గురించి ఎవరికైనా చెప్పాల్సివస్తే మార్కు 9ని 43వ వచనం నుంచి ఎత్తుకోకూడదు, 42 నుంచే చదవాలి.