ఆ ఒక్క మాట దగ్గర నాన్న ఆగిపోయేవాడు

"నాకు ప్రార్థన చేయడం రాదక్కా" అని మొన్న ఒక చెల్లెలు అంది. కొత్తగా సంఘానికి వస్తోంది, శుక్రవారం ఉపవాస కూడికలో పాస్టరు గారు వరసగా ఒక్కొక్కరినీ ప్రార్థించమంటుంటే తన వంతు వచ్చేస్తుందేమోనని ఒకటే టెన్షన్ అట. పక్కవాళ్లు "మహోన్నతుడవైన తండ్రీ" అని మొదలుపెట్టి పది నిమిషాలు ఆగకుండా చేస్తుంటే విన్నవాళ్లకి నోరు పెగలదు, నిజమే, నాకూ చాలా ఏళ్లు అలాగే ఉండేది.

బైబిల్లో లూకా 11వ అధ్యాయం తీసి చూపించాను. "ప్రభువా, మాకును ప్రార్థనచేయ నేర్పుము" అని అడిగింది ఎవరు? యేసు శిష్యుల్లో ఒకడు. వాళ్లంతా చిన్నప్పటి నుంచి కీర్తనలు వింటూ పెరిగిన యూదులు. వాళ్లకే నేర్చుకోవాలనిపించింది, మనం సిగ్గుపడడం దేనికి? యేసుప్రభువు నేర్పింది కూడా మెల్లగా చెప్పినా నిమిషం పట్టని ప్రార్థన, మనం పరలోక ప్రార్థన అనేది అదే. మత్తయి 6లో అయితే దానికి ముందే, విస్తరించి మాట్లాడితేనే దేవుడు వింటాడనుకోకండి, మీరు అడగకముందే మీకేం కావాలో మీ తండ్రికి తెలుసు అన్నాడు.

అందుకే మాటల గురించి నాకిప్పుడు బెంగ లేదు. కష్టం ఇంకోచోట ఉంది.

మా నాన్నది చిన్న కిరాణా కొట్టు. గల్లాపెట్టె పక్కన పొడుగాటి అరువు పుస్తకం ఉండేది, అట్ట నిండా నూనె మరకలు. బాగా తెలిసినాయనే, కూతురి పెళ్లికి బియ్యం, పప్పులు, నూనె డబ్బాలు అన్నీ అరువు మీద తీసుకెళ్లి, తర్వాత మా వీధిలోకే రావడం మానేశాడు. ఆదివారం గుడిలో అందరం పరలోక ప్రార్థన చెప్తుంటే "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే చోటికి వచ్చేసరికి నాన్న గొంతు ఆగిపోయేది. పక్కనే నిలబడేదాన్ని కాబట్టి నాకు తెలిసేది. "శోధనలోకి తేక" దగ్గర మళ్లీ అందుకునేవాడు. ఒకసారి అడిగితే, "చెయ్యని పని చేశానని దేవుడి ముందు ఎలా చెప్పనే?" అన్నాడు.

మత్తయి తెలుగులో అది ఋణమే, పాపం అని లేదు. లూకాలో "మాకచ్చియున్న ప్రతివానిని" అని ఉంటుంది, అచ్చియుండడమంటే బాకీ పడి ఉండడం, ఇప్పుడెవరూ వాడని పాత మాట. కొట్టు నడిపే మనిషికి ఇది తగలకుండా ఎలా ఉంటుంది? పైగా ప్రార్థన అంతా నేర్పాక యేసుప్రభువు వెనక్కి వచ్చి మళ్లీ వివరించింది ఈ ఒక్క మనవినే, మత్తయి 6లో 14, 15 వచనాలు చూడండి. మీరు మనుష్యులను క్షమించకపోతే మీ తండ్రీ మిమ్మల్ని క్షమించడు అని అంత గట్టిగా చెప్పాడు.

నాన్న బాకీ కొట్టేయలేదు, అప్పుడే కాదు. రాత్రి పడుకునే ముందు ప్రార్థనలో ఆ బాకీ ఉన్నాయన పేరు ఎత్తడం మొదలుపెట్టాడు. మొదట్లో ఉత్త పేరే, ఇంకో మాట ఉండేది కాదు. కొన్నాళ్లకి "వాళ్లమ్మాయిని చల్లగా చూడు తండ్రీ" అని కలిసింది. ఆదివారం ఆ చోట నాన్న గొంతు మళ్లీ ఎప్పుడు వినిపించిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. పుస్తకంలో ఆ పేజీకి అడ్డంగా పెన్సిల్ గీత మాత్రం తర్వాత చూశాను.

ఆ చెల్లెలికి ఇదంతా చెప్పి, మీ గదిలో తలుపేసుకుని ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడమ్మా అన్నాను. నేనూ ఒక పేరు దగ్గర ఆగిపోయి చాలా రోజులైంది. ఈ వారం ఆ పేరు వరకు పలకగలిగాను.