గుండిగ గుర్తొచ్చింది

కొన్నేళ్ల కిందట ఆఫీసు పని మీద షాంఘై వెళ్లినప్పుడు ఒక ఆదివారం మ్యూజియంలో గడిపాను. 'దా కే దింగ్' అనే కంచు పాత్ర దగ్గర ఆగిపోయాను. మూడు లావు కాళ్లు, పైన నిలబెట్టిన రెండు చెవులు, బరువు 201.5 కిలోలు. దాదాపు 2,900 ఏళ్ల కిందట జౌ రాజుల కాలంలో పూర్వీకుల పూజ కోసం పోతపోసింది. లోపలి గోడ మీద 290 అక్షరాలున్నాయి. మునివేళ్ల మీద నిలబడి చూశా, నాకు నీడే కనిపించింది.

నన్ను పట్టుకున్నది మాత్రం దాని కథ. 19వ శతాబ్దంలో పాన్ జూయిన్ అనే పెద్ద అధికారి దీన్ని, 'దా యూ దింగ్' అనే ఇంకోదాన్నీ సేకరించాడు. 1937లో జపాన్ సైన్యం పాన్ కుటుంబం ఉండే సుజౌ నగరం మీదికి వస్తుంటే, ఆ ఇంటి కోడలు పాన్ దాయూ రెండింటినీ చెక్కపెట్టెలో పెట్టించి ఇంట్లోనే నేల తవ్వి పాతిపెట్టించింది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి! సైనికులు వచ్చి ఇల్లంతా వెతికినా దొరకలేదు. 1951లో రెండూ ప్రభుత్వానికి ఇచ్చేసింది. రెండోది 1959లో బీజింగ్ వెళ్లింది. 2004లో, ఆవిడ వందో ఏటికి దగ్గరపడ్డాక, రెండింటినీ మళ్లీ షాంఘైలో పక్కపక్కన పెట్టారు.

హోటల్‌కి వచ్చి అమ్మకి ఫోన్ చేశా. "అమ్మమ్మ గుండిగ ఏమైందే?"

"పాత సామాన్ల వాడికి వేసేశాం కదరా, కిలోల లెక్కన."