బుధుడి లెక్కలో మిగిలిన 43 సెకన్లు

‘భూమి లాగుతుంది కాబట్టి వస్తువులు కింద పడతాయి’ అని చిన్నప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ ‘లాగుతుంది’ అన్న మాట నిజంగా వివరణేనా, లేక పడడానికే మరో పేరా అన్న సందేహం చాలా ఏళ్ళ తరువాత, బుధగ్రహం కథ చదివినప్పుడు కలిగింది.

బుధుడి కక్ష్యలో సూర్యుడికి అతి సమీపంగా ఉండే బిందువు ఒకే చోట నిలవదు, మెల్లగా జరుగుతూ ఉంటుంది. మిగతా గ్రహాల ప్రభావాన్ని న్యూటన్ సూత్రం ప్రకారం లెక్కకట్టి తీసివేసినా, వందేళ్ళకు ఇంకా 43 ఆర్క్ సెకన్లు (కాలం కాదు, కోణం కొలత: డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) మిగులుతాయి. ఒక్క డిగ్రీ తేడా రావాలంటే ఎనిమిది వేల ఏళ్ళు దాటాలన్నమాట. ఈ మిగులును 1859లో ప్రకటించిన ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే లెక్కలో అది 38 సెకన్లు. యురేనస్ నడకలోని తేడాను బట్టి కనబడని గ్రహం చోటు చెప్పి, 1846లో నెప్ట్యూన్ దొరికేలా చేసిన ఆయనకు, సూర్యుడి దగ్గర మరో గ్రహం ఉండి ఉంటుందని తోచడంలో వింత లేదు.

1859 చివర లెస్కర్బో అనే పల్లెటూరి వైద్యుడు, సూర్యబింబం మీదుగా నల్లచుక్క ఒకటి దాటడం తాను చూశానని ఉత్తరం రాస్తే, లెవెరియే స్వయంగా ఆ ఊరు వెళ్ళాడు. ఆ వైద్యుడు దంతపు గుండుకు పట్టుదారం కట్టి, దాని ఊగులతో సెకన్లు లెక్కపెట్టేవాడు. కాగితానికి బదులు చెక్క మీద లెక్కలు వేసి, నిండాక చిత్రిక పట్టి చెరిపేసేవాడు. (న్యూటన్ లెక్కను నిలబెట్టే ఆ పరిశీలనకు కాలం కొలిచిపెట్టిందీ గురుత్వాకర్షణే!) గ్రహానికి వల్కన్ అని పేరు పెట్టారు గాని, అది దొరకలేదు.

1915 నవంబరులో ఐన్‌స్టీన్ కొత్త సిద్ధాంతం ఏ గ్రహం అవసరమూ లేకుండానే ఆ 43 సెకన్లను ఇచ్చింది. అందులో లాగుడు అన్నదే లేదు. సూర్యుడి ద్రవ్యరాశి వల్ల వంగిన స్థలకాలంలో (స్థలమూ కాలమూ కలిసిన అల్లికలో) బుధుడు వీలైనంత తిన్నని దారిన సాగుతాడు.

గురుత్వాకర్షణకు కారణమేమిటో కనుక్కోలేకపోయానని, ఊహలు అల్లబోనని న్యూటన్ 1713లోనే రాశాడు. దీన్ని ఆయన వినయమని అనుకునేవారున్నారు. నాకు మాత్రం అది సరిహద్దు రాయిలా కనిపిస్తుంది. ఐన్‌స్టీన్ ఆ రాయిని చాలా దూరం జరిపాడు గాని పీకివేయలేదు. ద్రవ్యరాశి స్థలకాలాన్ని ఎంత వంచుతుందో ఆయన సమీకరణాలు చెబుతాయి, అసలెందుకు వంచాలో చెప్పవు. అలాగని ఏ వివరణైనా ఒకటేనని వాదించేవారితో నేను ఏకీభవించను. వల్కన్ ఎంతో ముచ్చటైన వివరణ, అయినా తప్పని తేలింది.

ఆ సమీకరణాల్లోని గురుత్వ స్థిరాంకం (గురుత్వాకర్షణ ఎంత బలమైనదో చెప్పే సంఖ్య) విలువ కూడా సిద్ధాంతం నుంచి రాదు, కొలిచి తెచ్చుకోవలసిందే. 1798లో ఇంగ్లీషు శాస్త్రవేత్త కావెండిష్ సీసపు గుండ్లతో చేసిన ప్రయోగం నాటి నుంచి కొలుస్తూనే ఉన్నా, వేర్వేరు ప్రయోగశాలల విలువలు నాలుగో అంకె దగ్గరే ఒకదానితో ఒకటి పొసగడం లేదు.